మిస్కీన్ పోగు

పోగులు పంచేటప్పుడు ఎవరో ఒకరు వెనక్కి తిరిగి నిలబడాలి. మా బాపు పనిచేసే మామిడితోటలో, మేము వెళ్లిన నెల నుంచి ఆ ఒకరు నేనే.

సౌదీలోని జిజాన్ నుంచి కొండలవైపు గంట ప్రయాణం చేస్తే ఆ తోట వస్తుంది. అక్కడ అందరూ దాన్ని మజ్రా అంటారు. పంపులు, డ్రిప్పు పైపులు మా బాపు భోజన్న చూసుకుంటాడు. బాపుతో పాటు మనవాళ్లు ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. జీతాలు పడ్డాక వచ్చే మొదటి శుక్రవారం అందరూ కలిసి ఒక యాటను, అంటే పొట్టేలును కొంటారు. సబ్యా సంతలో బేరమాడి, అక్కడే కసాయితో కోయించి, పికప్‌లో వేసుకొస్తారు. పంపు షెడ్డు ముందు అరటి ఆకులు పరుస్తారు. భూమేష్ కాక కత్తి పట్టుకుని పీట మీద కూర్చుంటాడు.

తొమ్మిది మందికి తొమ్మిది, మా ఇంటికి ఒకటి, మొత్తం పది పోగులు. కండ, బొక్క, కార్జం, కొవ్వు అన్నీ ప్రతి పోగులోనూ పడాలి. తూకం రాయి ఉండదు, భూమేష్ కాక కన్నే తూకం. ఒకసారి ఎవరో పందెం కట్టి, మామిడికాయలు తూచే కాంటా మీద రెండు పోగులు పెట్టి చూశారట. యాభై గ్రాముల తేడా కూడా రాలేదట. ఆ సంగతి కాక ఇప్పటికీ నెలకు రెండుసార్లు చెబుతాడు.

పోగులు ఎంత సమానంగా ఉన్నా కళ్లు ఊరుకోవు కదా. అందుకే ఒకరు అటు తిరిగి నిలబడతారు. భూమేష్ కాక ఒక పోగు మీద కత్తి మొన ఆనించి "గిది?" అంటాడు. అటు తిరిగినవాళ్లు చూడకుండా ఒక పేరు చెబుతారు. చెప్పిన పేరే ఖాయం. తరువాత మార్చడం లేదు, గొణగడం లేదు. మా ఊళ్లోనూ ఇంతే.

నలుగురి ముందు మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా నా పేరు ఇంకా మూడు పేర్ల దూరంలో ఉండగానే గుటకలు మింగేదాన్ని. కానీ షెడ్డు గోడవైపు తిరిగి నిలబడితే వెనుక ఎవరూ లేనట్టే ఉంటుంది. గోడ మీద తొండతో మాట్లాడినట్టు పేర్లు చెప్పేస్తాను. మొదటిసారి నా గొంతు విని అందరూ ఆశ్చర్యపోయారు.

"ఓ దేవవ్వా! నీ బిడ్డకు నోరున్నది!" అని అరిచాడు జనార్దన్ మామ.

"నోరున్నది గని, నీ అంత లేదు" అంది మా అవ్వ తలుపు దగ్గర నుంచి.

జనార్దన్ మామ ట్రాక్టర్ నడుపుతాడు. పోగులు వేసిన దగ్గర నుంచి ఆయన ఒక పోగు మీద కన్ను వేసి ఉంచుతాడు. అది మాత్రం ఎప్పుడూ ఆయనకు రాదు. "నా పోగుల బొక్కలే ఉంటయి" అని నెలంతా సణుగుతాడు.

ఈ తతంగమంతా అరటి ఆకులకు మూరెడు దూరంలో కూర్చుని చూసేది మిస్కీన్. పసుపు రంగు ఆడకుక్క, ఒక చెవి నిలబడుతుంది, ఒకటి వాలిపోతుంది. రెండేళ్ల కిందట ఎముకల గూడులా తోటలోకి వచ్చిందట. దాన్ని చూసి తోట యజమాని, అంటే కఫీల్, "మిస్కీన్" అన్నాడట. పాపం, దిక్కులేనిది అని అర్థం. ఆ మాటే పేరైపోయింది. ఇప్పుడు అది పది చేతులతో తిని నున్నగా ఉంది. ఊరికే తినదు. కొండ మీది నుంచి కోతుల గుంపులు దిగితే మామిడికాయలను కొరికి పారేస్తాయి. మిస్కీన్ ఒక్కతే ముప్పై కోతులను తరుముతుంది.

"ఊర్ల కోతులతోని పడలేక గీడికొస్తె గీడ గూడ కోతులేనాయె" అని బాపు నవ్వుతాడు.

పదో తరగతి పరీక్షలు రాసిన వారానికే, మూడు నెలల విజిట్ వీసా మీద అవ్వా నేనూ వెళ్లాము. బాపు రెండేళ్లు కూడబెట్టింది ఆ ప్రయాణానికే సరిపోయింది. అక్కడ నా ఈడు పిల్లలెవరూ లేరు. ఎరువుల కంపెనీవాళ్లు ఇచ్చిన అరబ్బీ డైరీ ఒకటి బాపు నాకిచ్చాడు. దాని పేజీలు మనకు వెనక నుంచి ముందుకు తిరుగుతాయి, మొదట తెరిస్తే డిసెంబరు వస్తుంది. అందులో రాసుకోవడం, మిస్కీన్‌తో తిరగడం, ఇవే నా పనులు.

కఫీల్ మేకలను చూడడానికి పదిహేను రోజులకొకసారి సబ్యా నుంచి పశువుల డాక్టరు వస్తాడు. ఆయన పేరు గులాం మొహిద్దీన్, ఊరు కదిరి దగ్గర. తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారని మేకల పని అయ్యాక మా దగ్గర చాయ్ తాగి వెళతాడు. ఏప్రిల్‌లో ఒకరోజు అలా కూర్చుంటే, మిస్కీన్ ఆయన బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది.

"దీనికి గుండెపురుగు మాత్ర వేస్తాండారా?" అని అడిగాడు.

"మాకే బీపీ గోలీలు సక్కగ లేవు సార్. దానికేం గోలీ?" అన్నాడు జనార్దన్ మామ.

"నవ్వకప్పా. పక్క మజ్రాలో పోయిన నెల ఒక కుక్క పోయింది. దగ్గి దగ్గి, కడుపుబ్బి పోయింది. దోమ కుడితే పురుగు పిల్లలు లోపలికి పోతాయి. ఆరేడు నెలలకు గుండెకాడ చేరి జానెడు పొడుగు పెరుగుతాయి. సేమియా చూసినావా? అట్లుంటాయి."

ఆ మధ్యాహ్నం అవ్వ సేమియా పాయసం చేసింది. నేను తినలేకపోయాను. తరువాత వారం రోజులు దాని డబ్బా వైపు కూడా చూడలేదు.

"వచ్చినంక మందు లేదా సార్?" అని బాపు అడిగాడు.

"ఈడ దొరికేది కష్టం. దొరికినా మీ జీతాలకు అందదు, కుక్కకూ నరకమే. రాకుండా చూసుకోవాల. ముందు రక్తపరీక్ష చేయాల. పురుగు లేదని తేలితే నెలకొక మాత్ర. ఈ చెట్లకింద దోమలు ఏడాదంతా ఉంటాయి కదా, మాత్ర కూడా ఏడాదంతా."

"మస్తు పిరమా?"

డాక్టర్ సార్ ధర చెప్పాడు. బాపు వేళ్ల మీద లెక్కవేసి తల అడ్డంగా ఊపాడు. కఫీల్‌ను అడగండి అన్నాడు సార్. అడిగితే ఏమంటాడో అందరికీ తెలుసు. కఫీల్ మంచివాడే. కానీ "మేకలు నావి, కుక్క మీది" అని ఎప్పుడో నవ్వుతూ చెప్పేశాడు.

జూలైలో మేము వెళ్లిపోవాలి. ఆ తరువాతే అక్కడ వానలు, దోమలు ఎక్కువట. నేను డైరీ తీసి, 'మేము పోయేలోపల మిస్కీన్‌కు నెలనెలా మాత్ర పడే ఏర్పాటు కావాలి' అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

రక్తపరీక్ష సంగతి నా పదో తరగతి ఫలితాలతో తీరింది. పాసైతే వాచీ కొనిస్తానని బాపు ఎప్పటి నుంచో అంటున్నాడు. ఫోనులో నా మార్కులు చూసి బాపు పంపు షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చాడు. చేతుల నిండా గ్రీసు.

"శ్రీలతా! లెక్కలల్ల గిన్ని మార్కులా! నల్ల పట్టా వాచీ మంచిగుంటదా, తెల్లదా?"

నాకు నోటితో చెప్పడం రాలేదు. డైరీ తెచ్చి, కొత్త పేజీలో ఒక ముక్క రాసి బాపు ముందు పెట్టాను. బాపు గ్రీసు అంటకుండా మెడ వంచి చదివాడు.

"మిస్కీన్‌కు రక్తపరీక్ష." ఇంకోసారి చదివాడు. "ఓ దేవవ్వా, నీ బిడ్డ వాచీ వద్దంటున్నది. కుక్కకు సూది ఏపియ్యుమంటున్నది!"

"ఏపియ్యి మరి. మాట ఇచ్చినవు గద" అంది అవ్వ.

మాత్ర ఏ సైజుదో తెలియాలంటే కుక్క బరువు తెలియాలని సార్ ఫోనులో చెప్పాడు. మిస్కీన్‌ను మామిడికాయల కాంటా మీదికి ఎక్కించాము. ఎక్కేదాకే కష్టం. ఎక్కాక ఆ ఇనుప పలక చల్లగా ఉందేమో, దిగనంది. ఎండలో అందరూ నిలబడి ఉంటే, అది మాత్రం కాంటా మీద నాలుక చాపుకుని, జీతాలిచ్చేటప్పుడు కఫీల్ కూర్చున్నట్టు కూర్చుంది. ఇరవై ఒక్క కిలోలు.

"మిస్కీన్ అట మిస్కీన్!" అన్నాడు జనార్దన్ మామ. "దీని ముంగట నేనే మిస్కీన్ లెక్కున్న."

సబ్యాకు పికప్‌లో ఖాళీ డబ్బాల మధ్య కూర్చుని వెళ్లాము. సార్ దాని ముందుకాలి నుంచి కొంచెం రక్తం తీసి, తెల్లటి చిన్న పలక మీద చుక్క వేశాడు. ఒక గీత వస్తే పురుగు లేదు, రెండు వస్తే ఉన్నట్టు. పది నిమిషాలు ఆగాలి. అంత పొడుగు పది నిమిషాలు పరీక్ష హాల్లో కూడా నేను చూడలేదు. మొదటి గీత ఎర్రగా తేలింది. రెండో గీత రావాల్సిన చోట తెల్లగా ఉంది. నేను ఆ తెలుపును రెప్ప వేయకుండా చూశాను. మిస్కీన్ నా చెప్పు నాకుతోంది.

"ఒక్కటే గీత. మీ పాప శుభ్రంగా ఉంది" అన్నాడు సార్.

బాపు నవ్వాడు. నేను మిస్కీన్ మెడ మీద ముఖం పెట్టుకున్నాను. దుమ్ము, మామిడిజీడి కలిసిన వాసన. మొదటి మాత్రను సార్ అక్కడే వేశాడు. అది చేదు గోలీ కాదు. నల్లబెల్లం ముక్కలా చదరంగా, మెత్తగా, మాంసం వాసనతో ఉంది. మిస్కీన్ నమిలి, ఇంకోటి ఏదని చూసింది.

ఆ నెల అలా గడిచింది. తరువాతి నెల నుంచే అసలు కష్టం. రెండో మాత్ర తేవాల్సిన వారంలో జనార్దన్ మామ ఒక ఉపాయంతో వచ్చాడు. పొదుపు విషయాల్లో ఆయన బుర్ర చాలా చురుకు.

"భోజన్నా, నేను పోయి అడిగిన. పెద్ద కుక్కల గోలీ ఉన్నదట. నలభై కిలోల కుక్కకు. ధర జరంతే ఎక్కువ. గది తెస్తే సగం ఈ నెల, సగం వచ్చే నెల. ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది" అన్నాడు బాపు.

"సగం ఒక్కసారే ఎందుకు?" అన్నాడు భూమేష్ కాక. "వారానికింత వేద్దాం. శుక్రవారం శుక్రవారం. రెండు నెలలకు ఎనిమిది పోగులు. కోసుడు నాకిడిసిపెట్టు."

ఆ కోత చూడడానికి అందరూ వచ్చారు. కాక కత్తిని రాయి మీద నూరి, అరటి ఆకు ముక్క మీద మాత్రను పెట్టి, ఊపిరి బిగబట్టి కోశాడు. రెండు, నాలుగు, ఎనిమిది. కందిపప్పు బద్దల్లాంటి ఎనిమిది పోగులు. ఎవరూ వంక పెట్టలేని సమానం. ఒక బద్దను కార్జం ముక్కలో పెట్టి మిస్కీన్‌కు వేశాడు. మిగతా ఏడు ఉప్పు సీసాలో దాచాడు. నేను డైరీలో నాలుగు శుక్రవారాలకు నాలుగు గుర్తులు పెట్టుకున్నాను. నాకూ అంతా బాగానే ఉందనిపించింది.

రెండో శుక్రవారం బద్ద కూడా పడింది. మరో నాలుగు రోజులకు డాక్టర్ సార్ మేకల కోసం వచ్చాడు. భూమేష్ కాక గర్వంగా ఉప్పు సీసా తెచ్చి చూపించాడు. సార్ మొదట అర్థం కాక సీసాను వెలుగులో పెట్టి చూశాడు. అర్థమయ్యాక తల పట్టుకున్నాడు.

"ఏమప్పా భూమేషూ! ఇదేమన్నా పొట్టేలు మాంసమా, పోగులేసేకి?"

"సమానంగ కోసిన సార్. కావాల్నంటే కాంటా పెట్టుండ్రి."

"నువ్వు సమానంగానే కోసినావు. లోపల మందు సమానంగా పరుచుకోని ఉంటాదని నీకెవరు చెప్పినారు? ఒక మూల ఎక్కువుండొచ్చు, ఒక మూల ఏమీ లేకపోవచ్చు. దాని బరువుకు తగిన మాత్ర, కోయకుండా, నెలకొకసారి. అదే లెక్క. పోయిన నెలంతా దోమలు వదిలిన పిల్లపురుగులను అది ఒక్కదెబ్బకు చంపుతాది. వారానికింత చిటికెడేస్తే అవి నవ్వుకుంటా పెరుగుతాయి."

జనార్దన్ మామ మెల్లగా ట్రాక్టరు వైపు నడిచాడు. భూమేష్ కాక ముఖం చూస్తే నాకు పాపమనిపించింది. పోగు వేయడంలో కాకను తప్పుపట్టినవాళ్లు ఇంతవరకు లేరు.

సార్ సంచి వెతికి, సరైన మాత్ర ఒకటి తీసి మిస్కీన్ నోట్లో పెట్టాడు. "ఈ నెలకు ఇది నా వంతు. ఆరు నెలలకు మళ్లా రక్తం చూద్దాం. జూలై నుంచి మాత్రం మీరే చూసుకోవాల. ఒక నెల వేసి ఒక నెల మానేస్తే లాభం లేదు."

"చూద్దాం తియ్ సార్" అన్నారు అందరూ. ఇల్లు కట్టుకునేవాళ్లు, చెల్లెలి ఫీజు పంపేవాళ్లు, ఆస్పత్రి బిల్లు తీర్చేవాళ్లు. ఎవరిదీ తప్పు కాదు. కానీ ఆ మాట వింటే నాకు భయం వేసింది. ఊళ్లో వీధి దీపం గురించి అడిగితే సర్పంచ్ కూడా అదే మాట అంటాడు. మూడేళ్లుగా మా వీధి చీకటే.

ఇంకా రెండు వారాలే ఉన్నాయి. డైరీలో రెండు గీతలు గీసిన వాక్యం రోజూ చదివేదాన్ని. బాపును అడిగితే ఒక్కడే కొంటాడు, నాకు తెలుసు. ఒక నెల, రెండు నెలలు. తరువాత నా కాలేజీ ఫీజు వస్తుంది. పది చేతులతో తినే కుక్కకు పది చేతులతోనే మందు రావాలి. కానీ పది మందిని అడగాలంటే పది మంది ముఖాలు చూడాలి. అవ్వతో ప్రాక్టీసు చేశాను. అవ్వ నా ఎదురుగా కూర్చుని "ఊఁ, చెప్పు, నేనే జనార్దన్‌ను" అని మీసం దువ్వినట్టు చేసింది. నాకు నవ్వొచ్చి మొత్తం మరిచిపోయాను.

మా విమానం మంగళవారం. దానికి ముందు శుక్రవారమే జూలై యాట. గురువారం అరటి ఆకులు కోయడానికి వెళ్లినప్పుడు నాకు తట్టింది. యాట నెలకొకటి, మాత్రా నెలకొకటి. కోయకూడనిది మాత్ర. యాటను మాత్రం ఎన్ని పోగులైనా కోయొచ్చు.

ఇంటికొచ్చి అవ్వను అడిగాను. "అవ్వా, ఈ నెల మనకు కూర లేకుంటే బాపు ఏమంటడు?"

"ఏమంటడు? పప్పేసుకొని తింటడు." అవ్వ చేతిలో పని ఆపింది. "ఏం జేస్తున్నవే?"

"ఏం లేదు."

"నీ 'ఏం లేదు' నాకు తెల్వదా" అంది. మళ్లీ అడగలేదు. కానీ పొద్దున్నే పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతూ ఉంది.

శుక్రవారం పది పోగులు పడ్డాయి. నేను గోడవైపు తిరిగాను. తొండ అక్కడే ఉంది. వెనుక మిస్కీన్ తోక నేల మీద కొట్టుకోవడం వినిపిస్తోంది.

"గిది?" అన్నాడు భూమేష్ కాక.

"మిస్కీన్" అన్నాను.

తోక చప్పుడు ఆగింది. ఆ తరువాత అందరూ ఒక్కసారి నవ్వారు.

"ఏం పిల్లా, నిద్రల ఉన్నవా?"

"చెప్పిన పేరే ఖాయం కదా కాకా" అన్నాను గోడతో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పోగుల దగ్గర భూమేష్ కాక మాట కోర్టు మాట. "ఖాయమే" అన్నాడు చివరికి. "గిది?"

"సురేంద్ర అన్న." "గిది?" "నన్నే సాహెబ్ తాత." "గిది?" "భూషణం మామ." ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోయాను. తొమ్మిదో పోగు భూమేష్ కాకదే. పదో పోగు మీద కత్తి ఆగింది.

"గిది?"

"జనార్దన్ మామ."

"అయిపాయె" అన్నాడు ఎవరో. "మరి భోజన్నదేది?"

తిరిగితే మాట ఆగిపోతుంది. అందుకే తిరగలేదు. గోడకే చెప్పాను.

"మాది మేమే మిస్కీన్‌కు ఇచ్చినం. ఎవరిదీ తియ్యలే. ఆ పోగు అమ్మితే గోలీ వస్తది. ఒక గోలీ ఒక నెలకు సరిపోతది. వచ్చే నెల నుంచి పదకొండు పోగులు వెయ్యుండ్రి కాకా. మీ పోగు కొంచెమే తగ్గుతది. నేను మంగళవారం పోతున్న. నేను పోయినంక ఎవ్వరు మర్చిపోవద్దని…" తరువాత మాటలు అయిపోయాయి. నేను రాసుకున్నది కూడా అంతవరకే.

ముందు నవ్విందెవరో కాదు, మా బాపు. "సూషిండ్రా! నా బిడ్డ నా కూర కుక్కకిచ్చి నాకు పప్పు పెట్టింది. పొద్దుగాల్నుంచి ఇంట్ల పప్పు వాసనెందుకొస్తుందో ఇప్పుడు సమజైంది."

భూమేష్ కాక లేచినట్టు పీట చప్పుడైంది. "పదకొండు పోగులు నాకు రావనుకున్నవా?" అన్నాడు. ఆ గొంతులో ఉప్పు సీసా తరువాత మొదటిసారి హుషారు వినిపించింది. "భోజన్న పప్పు తినుడేంది? ఒక్కొక్కడు తన పోగుల నుంచి ఒక్క ముక్క తియ్యుండ్రి. బొక్క గాదు, కండ తియ్యుండ్రి. నేను చూస్తున్న."

నేను మెల్లగా తిరిగి చూశాను. ఒక్కొక్కరే వంగి ముక్క తీసి బాపు ముందున్న ఖాళీ ఆకు మీద వేస్తున్నారు. ఒకరు చూస్తుండగా ఇంకొకరు చిన్న ముక్క వేయలేరు కదా, అన్నీ పెద్దవే పడ్డాయి. జనార్దన్ మామ మాత్రం కదలలేదు. ఆయన కళ్లు మిస్కీన్ ముందున్న మొదటి పోగు మీదే ఉన్నాయి.

"గా పోగుల తొడకండ ఉన్నది" అన్నాడు బాధగా. "నేను గంట నుంచి గదే చూస్తున్న. కుక్కకు పాయె!"

"అమ్ముతమని పిల్ల చెప్పింది గద. కొనుక్కో" అన్నాడు భూమేష్ కాక.

"ఎంతకు?"

"ఊర్ల గణేష్ లడ్డు పాట లెక్క పాడుదాం!" అన్నాడు సురేంద్ర అన్న.

ఇంక ఆగారా! ఒకడు ఖాళీ డబ్బా మీద డప్పు మొదలుపెట్టాడు. భూమేష్ కాక కత్తి పైకెత్తి, "మిస్కీన్ పోగు! తొడకండ పోగు! ముప్పై రియాలు!" అన్నాడు. నన్నే సాహెబ్ తాత ముప్పై అయిదు అన్నాడు. జనార్దన్ మామ నలభై అన్నాడు. పొదుపు జనార్దన్ నోట్లో నుంచి డబ్బు మాట రావడం అదే మొదటిసారని గోల. ఆ గోలకు ఆయనకు పౌరుషం వచ్చింది. యాభై. యాభై అయిదు. మిస్కీన్‌కు ఏమర్థమైందో, ప్రతి పాటకూ ఒకసారి మొరిగింది.

"ఒకటోసారి… రెండోసారి…"

"డెబ్బై!" అని, తన మాట తానే విని భయపడ్డట్టు నోరు మూసుకున్నాడు జనార్దన్ మామ.

"మూడోసారి!"

పోగును రెండు చేతులా ఎత్తుకుని, మామ మిస్కీన్ ముందు నిలబడ్డాడు. "అవ్వా తల్లీ, నీ దగ్గర కూర కొనుక్కునే రోజొచ్చింది నాకు" అన్నాడు. అందులో నుంచి ఒక ముక్క తీసి దానికే వేశాడు. డెబ్బైలో మాత్రకు పోను మిగిలింది, ఆరు నెలల తరువాత చేయించాల్సిన పరీక్ష కోసం పాలపొడి డబ్బాలో పడింది. డబ్బా మీద నన్ను పేరు రాయమన్నారు. 'మిస్కీన్ పోగు' అని తెలుగులో రాశాను.

సోమవారం బాపు మాత్ర తెచ్చాడు. ఇరవై ఒక్క కిలోలకు సరిపోయేది, కోయనిది. నా చేత్తోనే వేశాను. మిస్కీన్ నమిలి, ఇంకోటి ఏదని చూసింది. మంగళవారం పికప్ వెనుక గేటు దాకా పరుగెత్తింది. నేను ఏడుస్తానేమోనని అవ్వ కొంగు సిద్ధంగా పట్టుకుంది, కానీ ఏడుపు రాలేదు. చేతికి కుక్క బొచ్చు అంటుకుని ఉంది, దాన్ని డైరీలో పెట్టుకున్నాను.

ఇది రాస్తున్నది ఊళ్లో. ఇంటర్‌లో చేరాను. ఆగస్టు మొదటి శుక్రవారం కాలేజీ నుంచి వచ్చి సంచి దించుతుంటే బాపు వీడియో కాల్ వచ్చింది. వెనుక అందరి గొంతులూ ఉన్నాయి.

"బిడ్డా, పదకొండు పోగులు పడ్డయి. పేర్లు చెప్పెటోళ్లు లేరు. భూమేష్ కాక ఇంకెవ్వరిని ఒప్పుకుంటలేడు."

"నేను గీడున్న కద బాపూ?"

"ఫోను గోడ దిక్కు తిప్పి పెడుతున్న. నీకేం కనిపియ్యది."

తెర మీద షెడ్డు గోడ కనిపించింది. సున్నం రాలిన చోటు నాకు తెలిసిందే. తొండ లేదు, లోపలికి పోయినట్టుంది. నేను మా ఇంటి గడప మీద కూర్చుని గొంతు సర్దుకున్నాను.

"జర ఆగు పిల్లా!" అని దూరం నుంచి జనార్దన్ మామ అరిచాడు. "అటు చివరనున్న పోగు నాకు చెప్పు. ఈసారి పాటకు పైసల్లేవు!"

"లంచం బంద్!" అన్నాడు భూమేష్ కాక. "చెప్పు బిడ్డా. గిది?"

'మిస్కీన్' అన్న పేరు నా నోట్లో నుంచి వచ్చీ రాకముందే, ఫోనుకు అటువైపు అది మొరిగింది.